ఎదురు వచ్చిన రోజు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు నలభై రెండో ఏట వచ్చాయి. ఒత్తు ఏ అక్షరం కింద పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి రెండు మధ్యాహ్నాలు పడుతుంది. మా పేటలో ఆడవాళ్లను కూర్చోబెట్టి చదువు చెప్పే సూర్యకాంతం గారు, తప్పులు నేను దిద్దుతాను, నువ్వు మాత్రం ఆగకు అన్నారు. ఆవిడ దిద్దగా మిగిలినవి నా తప్పులు. నా నెమ్మదిని చదివేవాళ్లు కాస్త ఓర్చుకోండి.

పన్నెండేళ్ల పాటు నేను రోజూ పొద్దున్నే ఒక జీపు కడిగాను. ఆ జీపు మాది కాదు. మా ఆయన ఆదిబాబు ఒక కంట్రాక్టరు దగ్గర డ్రైవరు. ఆయనకు జీతం జీపు నడిపినందుకే గాని కడిగినందుకు కాదు, అయినా మురికి బండి తీసుకెళ్తే మాట పడేది ఆయనే. అందుకని కడగడం నా వంతు అయింది. జంషెడ్‌పూర్ బాగ్‌బేరాలో రైలు పట్టాల పక్కన మా రెండు గదుల ఇల్లు. రాత్రి ఇంటి ముందు జీపు నిలిపేవాడు. పొద్దున్నే వీధి కొళాయి నుంచి ఆరు బిందెలు మోసి, చక్రాల మట్టి చీపురుపుల్లతో గోకి, అద్దం పాత లుంగీ గుడ్డతో తుడిచేదాన్ని. ఆ జీపు ఒంటి మీద ఎక్కడ సొట్ట ఉందో, ఎక్కడ రంగు లేచిందో, ఇంజను కింద నల్లనూనె చుక్కలు ఎక్కడ పడతాయో కళ్లు మూసుకున్నా చెప్పగలను. నా ఒంటి మీద ఏముందో చూసుకునే తీరిక ఉండేది కాదు.

జీపు అయ్యాక ముగ్గు. ముగ్గు అయ్యాక పొయ్యి, టీ, గంజి, మధ్యాహ్నానికి డబ్బాలో అన్నం. ఇవన్నీ అయ్యాక అసలు పని. ఆయన జీపు స్టార్టు చేసే వేళకు నేను స్నానం చేసి, బొట్టు దిద్దుకుని, చంకన నిండు బిందెతో వీధి చివరి నుంచి నవ్వు మొహంతో ఎదురు రావాలి. పుణ్యస్త్రీ నిండు నీళ్లతో ఎదురు వస్తే వెళ్లిన బండి క్షేమంగా తిరిగి వస్తుందని మా అత్త సన్యాసమ్మ నమ్మకం. అత్త విధవ. అందుకని సరిగ్గా ఆ వేళకు ఆవిడ తలుపు వెనక్కి తప్పుకునేది. అక్కడి సందులోంచి నన్ను చూసేది. నేను నవ్వానా లేదా అని చూసేది.

పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే ఆవిడ నాకు చెప్పింది. "డైవరోడి మనసు సల్లగా ఉండాల. ఆడు బండెక్కిందాకా ఇంట్లో సెడ్డమాట ఇనపడకూడదు. ఏటున్నా నీ కడుపులో ఎట్టుకో. తిరిగొచ్చేక సెప్పుకుందువు గాని."

మా మామగారు రైల్లో ఇంజను నడిపినవాడు. ఆయన డ్యూటీకి వెళ్లేదాకా ఈవిడ ముప్పయ్యేళ్లు అలాగే అన్నీ కడుపులో పెట్టుకుని బతికింది. అందుకని ఆవిడకు అది కష్టంగా కాక ఆచారంగా కనిపించేది. తిరిగొచ్చాక చెప్పుకోవచ్చు అన్నది మాత్రం ఉత్తమాట. తిరిగొచ్చిన మనిషి అలసిపోయి ఉంటాడు. అలసిపోయిన మనిషికీ ఏమీ చెప్పకూడదు. ఇక నిద్ర లేస్తే మళ్లీ డ్యూటీ.

రోడ్డు మీద మా ఆయన అంత శాంతమైన మనిషి ఇంకొకడు లేడని అందరూ అనేవారు. అడ్డొచ్చిన రిక్షావాడిని తిట్టడట. జుగ్సలాయి రైల్వే గేటు దగ్గర గంట నిలిపినా హారను కొట్టడట. ఆదిబాబు బండిలో కూర్చుంటే ఉయ్యాల్లో కూర్చున్నట్టే అని కంట్రాక్టరు భార్య నాతోనే అన్నది. నేను నవ్వాను. రోడ్డు మీద తిట్టని తిట్లన్నీ ఆయన దాచి ఇంటికి తెచ్చేవాడు. కూరలో ఉప్పు తక్కువైందనో, చొక్కా గుండీ ఊడిందనో, పిల్లవాడు ఏడ్చాడనో అవి ఒక్కొక్కటీ బయటికి వచ్చేవి. పొద్దున్నకు ఆయన మనసు ఖాళీ అయి చల్లబడేది. ఆ చల్లని మనసును నేనే నిండు బిందెతో సాగనంపేదాన్ని.

ఒక్కసారి నోరు జారాను. జీపు తుడుస్తూ, కుడిపక్క ముందు చక్రం దగ్గర ఏదో కిరకిరమంటోంది, ఒకసారి చూడమని అన్నాను. ఆయన బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజే సాక్చీ బజారులో జీపు ఒక తోపుడుబండికి గీసుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సాయంత్రం ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పొద్దున్నే నాలిక తిప్పినావు గదే. నాను రోడ్డు సూడాలా, నీ మాట తలుసుకోవాలా? ఏ డైవింగు నేర్సినావు నువ్వు?"

కంచం గోడకు తగిలింది. అత్త మూడు రోజులు నా చేతి అన్నం తినలేదు. చక్రంలో కిరకిర ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. తప్పు నా నాలుకదని తేలిపోయింది కదా, ఇంక చక్రం చూడ్డం ఎందుకు?

ఆ తరువాత నేను బాగా నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఒక పొద్దున్న మా నాన్న పోయాడని టెలిగ్రాం వచ్చింది. పక్కింటి గుమస్తా చదివి చెప్పాడు. నా గొంతులోంచి ఏడుపు వచ్చేలోపు అత్త అరచెయ్యి నా నోటి మీద ఉంది. "ఆడు స్నానం సేత్తన్నాడు. ఎల్లిపోనీ. ఎల్లిపోయేక ఎంత ఏడుత్తావో ఏడు, నానూ ఏడుత్తాను నీతోటి." ఆవిడ కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. నేను స్నానం చేశాను. బొట్టు దిద్దుకున్నాను. నాన్న లేని లోకంలో మొదటిగా నేను చేసిన పని నిండు బిందె ఎత్తుకుని నవ్వుతూ ఎదురు రావడం. జీపు మలుపు తిరిగాక బిందె అక్కడే దించి రోడ్డు మీదే కూలబడ్డాను. సాయంత్రం సంగతి మా ఆయనకు తెలిసింది. పొద్దున్న చెప్పకపోవడమే మంచిదైందే, చెప్పుంటే నా బుర్ర పాడైపోయేది అన్నాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ మెప్పుకు నేను లోపల్లోపల పొంగిపోయాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

ఇక డెబ్బయ్యారులో, చలి మొదలైన రోజుల్లో, ఆ పొద్దున్న. దీని గురించి నేను ఎవరికీ చెప్పలేదు. సూర్యకాంతం గారికి కూడా ఈ కాగితం చూసేదాకా తెలియదు.

జీపు కడగడానికి వంగితే వెనక ఎడమ చక్రం కింద నేల తడిగా ఉంది. నీళ్లు ఇంకా పొయ్యలేదు. వేలు పెట్టి చూశాను. ఇంజను నూనె నల్లగా ఉంటుంది, ఎప్పుడూ ముందే పడుతుంది. ఇది వెనక చక్రం దగ్గర పడింది, నల్లగా లేదు. ఆముదంలా జిడ్డుగా ఉంది. చక్రం లోపలి వైపు చెయ్యి పెడితే అక్కడ కూడా అదే జిడ్డు, కిందికి కారుతోంది. బ్రేకు నూనె అన్న మాట అప్పటికి నాకు తెలియదు. కాని పన్నెండేళ్లు తుడిచిన ఒళ్లు అది. ఇంతకు ముందు అక్కడ ఎప్పుడూ తడి లేదని తెలుసు. ఏదో పుండు పగిలిందని నా చేతికి తెలిసింది.

చేతిని చూసుకుంటూ కూర్చున్నాను. చెప్పాలి. ఎలా చెప్పాలి? చెప్తే కసురుతాడు. కసిరిన కోపంతో బండెక్కుతాడు. కోపంతో నడిపితే ఏదైనా అవుతుంది. అయితే అది నావల్లే అవుతుంది. సాయంత్రం చెప్పొచ్చు, ఇవాళ ఒక్క పూటకు ఏమవుతుంది అనుకున్నాను. ఈ లెక్కంతా నేను నిలబడి వేసింది కాదు. వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకునేంతలో అయిపోయింది. పొయ్యిలోంచి బూడిద తెచ్చాను. ఆ తడి కనబడితే పొద్దున్నే ఆయన మనసు పాడవుతుందని బూడిద చల్లి, ఊడ్చి, చక్రం తుడిచి, దాని ముందు ముగ్గు వేశాను. మామూలు కంటే పెద్ద ముగ్గు వేశాను.

ఆయన బయటికి వచ్చి ముగ్గు చూసి ఆగాడు. "ఏటే, యియ్యేల ఇంత ముగ్గు? ఏటైనా ఉన్నాదేటి?"

అడిగాడు. ఎన్నడూ అడగని మనిషి ఆ రోజు అడిగాడు. తలుపు సందులో అత్త కన్ను కనిపిస్తోంది. నా నోరు తెరుచుకుంది కూడా.

"ఏటీ నేదు," అన్నాను.

బిందె ఎత్తుకుని వీధి చివరికి వెళ్లి, తిరిగి, నవ్వుతూ ఎదురు వచ్చాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

చైబాసా రోడ్డులో పల్లం ఒకటి ఉంది. దాని కింద ఆ రోజు సంత. వెనకే లారీలో వస్తున్న అసిరయ్య, మా ఆయన స్నేహితుడు, అంతా చూశాడు. అతనే వచ్చి చెప్పాడు. "బిరేకు పట్టనేదొదినా. ఆడు గాబరా పడనేదు. సెయ్యి బయటెట్టి జనాన్ని తప్పుకోమని ఊపుకుంటా వచ్చినాడు. సంత మీదికి పోనీకుండా తిప్పి సెట్టుకి గుద్దీసినాడు. అంత సల్లటి మనిసిని నానెక్కడా సూడనేదు." ఇంకెవరికీ చిన్న గీత కూడా పడలేదు. మద్దిచెట్టుకు బలమైన దెబ్బ తగిలిందట.

ఆ చల్లదనం నేనిచ్చిందే. పన్నెండేళ్లు రోజూ ఆరు బిందెలు పోసి నేను నిలబెట్టిన చల్లదనం. అది ఆఖరి నిమిషం దాకా ఆయనతోనే ఉంది. నేను ఇవ్వనిది ఒక్క మాటే.

శవం ఇంటికి రాక ముందే అత్త నా జుట్టు పట్టుకుంది. "ఏటన్నావే పొద్దున్న? ఏటన్నావు నా కొడుకుని?" పేటంతా గుమ్మంలో ఉంది. అందరి మొహాల్లో అదే ప్రశ్న. ఏటీ అన్నేదు అత్తా అన్నాను. నన్ను నమ్మమని ఏడ్చి చెప్పాను. చివరికి నమ్మారు. పాపం, ఏమీ అనలేదట, నవ్వుతూ ఎదురొచ్చిందట అని ఓదార్చారు. ఆ ఓదార్పు పన్నెండేళ్లుగా నా గొంతులో బూడిదలా అడ్డం పడి ఉంది.

తరువాతవి త్వరగా చెప్తాను. ఒక బడిలో పిల్లలకు నీళ్లు ఇచ్చే పని దొరికింది. ఎనభైలో అత్త పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నీ తప్పేటీ నేదమ్మా అన్నది. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. ఎనభై మూడులో సూర్యకాంతం గారి దగ్గర పలక పట్టాను. నా కొడుకు బంగారురాజు పెద్దవాడై వాళ్ల నాన్నలాగే స్టీరింగు పట్టుకున్నాడు. గోవింద్‌పూర్ కాలనీ నుంచి ఫ్యాక్టరీ పనివాళ్లను తీసుకెళ్లే మినీ బస్సు నడుపుతాడు. మేము అక్కడికే మారాము. నిరుడు వాడికి రత్నంతో పెళ్లయింది.

పెళ్లయిన పదో రోజు పొద్దున్న నేను రత్నానికి ఏం చెప్పానో వినండి. వాడు డ్రైవరు, వాడి మనసు చల్లగా ఉండాలి, బండెక్కేదాకా ఏమీ చెప్పకు అన్నాను. నా నోటితోనే అన్నాను. ఒకరు నేర్పినట్టు కాదు, ఊపిరి వచ్చినట్టు వచ్చేసింది ఆ మాట. రత్నం తలాడించింది. మర్నాటి నుంచి నిండు బిందెతో అది ఎదురు రావడం, నేను తలుపు వెనక్కి తప్పుకోవడం. అత్త నిలబడినట్టే నిలబడి, అలాగే సందులోంచి చూస్తూ, పిల్ల నవ్విందా లేదా అని.

బంగారురాజుకు తండ్రి కోపమే వచ్చింది, భాష మాత్రం వేరు. రత్నం ఏదైనా మొదలుపెడితే సుబహ్ సుబహ్ దిమాక్ ఖరాబ్ మత్ కరో, పొద్దున్నే బుర్ర తినకు, అంటాడు. మూడో నెలలో అది వాంతులు చేసుకుంటుంటే కూడా, అమ్మా దాన్ని లోపలికి తీసికెళ్లు, గాడీ నికాల్నా హై, బండి తియ్యాలి, అన్నాడు. చెడ్డవాడు కాడు. సాయంత్రం దానికి నిమ్మకాయలు తెచ్చాడు.

మొన్న శ్రావణంలో, రత్నానికి అయిదో నెల. పొద్దున్న వాన వెలిసింది. బంగారురాజు బండి అద్దం తుడుచుకుంటున్నాడు. నేను ఎప్పటిలాగే తలుపు వెనక్కి వచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే రత్నం పెరటి గుమ్మం దగ్గర వంగి ఉంది. చేతిలో చేట. పొయ్యిలో బూడిద తెచ్చి గడప మీద చల్లుతోంది. కాలితో నులుముతోంది. మళ్లీ చల్లుతోంది. బూడిద తెల్లగా ఉండక ఎర్రబడుతోంది.

అది లేచి, చీర కుచ్చెళ్లు చూసుకుని, ఎర్రగా తడిసిన చోటు లోపలికి మడిచి దోపుకుంది. అద్దంలో బొట్టు సరిచూసుకుంది. నిండు బిందె చంకకెత్తుకుంది. ఎత్తుతుంటే దాని పెదవి పళ్ల కింద నలిగింది. నన్ను దాటుకుంటూ నా వైపు చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు. చూడత్తా, నేను ఎంత బాగా నేర్చుకున్నానో అన్నట్టుంది.

రత్నం, అని పిలిచాను. అది ఆగకుండా వీధిలోకి నడిచింది. బంగారురాజు బండెక్కాడు. ఇంజను మోగింది.

కేక వేస్తే వినపడదు. వినపడినా వెనక నుంచి పిలిచానని కసిరి పోతాడు. ఆడదాని మాటకు మా ఇంట్లో ఏ బండీ ఆగలేదు. నాకు తెలిసి ఒక్కదానికే ఆగుతుంది.

తలుపు తీసుకుని బయటికి వచ్చాను. రత్నాన్ని దాటి, బండి ముందు, రోడ్డు మధ్యలో నిలబడ్డాను. బొట్టు లేని మొహం, గాజులు లేని చేతులు, ఖాళీ చేతులు. పన్నెండేళ్లలో ఏ బండికీ నేను ఎదురు రాలేదు. ఇంజను ముక్కు నా పొట్టకు జానెడు దూరంలో ఉంది. వేడి తగులుతోంది.

ఇంజను ఆగింది. పనివాళ్లు నలుగురు వెనక సీట్లలోంచి తలలు బయట పెట్టారు. ఎదురింటి జోగమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

"ఏటమ్మా ఇది? ఎల్లీటప్పుడు ఎదురొత్తావేటి? తెలీదా నీకు?" బంగారురాజు కిటికీలోంచి అరిచాడు.

"తెలుసు. తెలిసే వచ్చినాను. దిగు."

"డ్యూటీకి దేర్ అవుతోంది, టైమైపోనాది..."

"ఎదవ ముండ ఎదురొచ్చింది. ఇంక ఎల్లకూడదు గదా. దిగి మంచినీళ్లు తాగు."

వాడు దిగాడు. కోపంతో కాదు, భయంతో దిగాడు. నేను రత్నం చంకలో బిందె తీసి కింద పెట్టాను. బిందె దించగానే పిల్ల నా మీద వాలిపోయింది.

"సెప్పే," అన్నాను. "ఆడి మొగం సూసి సెప్పు."

"ఒద్దత్తా. బండి నడపాల ఆడు."

"నడుపుతాడు. సెప్పు."

రత్నం చెప్పింది. తెల్లారగట్ల నుంచి రక్తం పోతోందని, నడుం తెగిపోతోందని, మనసు పాడు చెయ్యకూడదని చెప్పలేదని. ఒక్కొక్క మాటకు బంగారురాజు మొహంలోంచి రంగు దిగిపోయింది. వెనక కూర్చున్న పనివాళ్లు తమంతట తామే దిగిపోయారు.

ఆసుపత్రికి వాడే నడిపాడు. సీటు మీద రత్నం, దాని తల నా ఒళ్లో. ముందు అద్దంలో వాడి మొహం కనిపిస్తోంది. ఏడుస్తున్నాడు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటూ నడుపుతున్నాడు. బర్మామైన్స్ దగ్గర లారీలు అడ్డం, ఆవులు అడ్డం, ఫ్యాక్టరీ సైరను, సైకిళ్ల వరద. ప్రతి గుంతకు ముందూ బండి మెల్లగా అయ్యేది, పిల్లకు కుదుపు తగలకుండా. వాడి మనసు చల్లగా లేదు. కాలిపోతోంది. భార్య నొప్పి తెలుసు, బిడ్డ పోతోందని తెలుసు. అన్నీ తెలిసి నడిపాడు. ఎక్కడా గుద్దలేదు.

అద్దంలో ఆ మొహాన్ని చూస్తూ నేను గట్టిగా ఏడ్చాను. రత్నం కోసం అనుకున్నారు వాళ్లిద్దరూ.

బిడ్డ దక్కలేదు. ఇంకో గంట ఆలస్యమైతే తల్లి కూడా దక్కేది కాదని డాక్టరమ్మ అన్నది. పేటలో మాత్రం విధవ ఎదురు రావడం వల్లే బిడ్డ పోయిందని చెప్పుకుంటున్నారు. జోగమ్మ పది ఇళ్లకు చెప్పి వచ్చింది. బంగారురాజు ఏమనుకుంటున్నాడో నాకు సరిగా తెలియదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు డ్యూటీకి వెళ్లబోతూ, స్టీరింగు దగ్గర కూర్చుని, ఇంజను మొదలెట్టకుండా, తల తిప్పకుండా అడిగాడు. "ఏటైనా ఉంటే ఇప్పుడే సెప్పీండి."

రత్నం నా వైపు చూసింది. ఆ పూట చెప్పడానికి నా దగ్గర ఒకటి ఉంది, పన్నెండేళ్ల నాటిది. ఆముదంలా జిడ్డుగా ఉండే నూనె, బూడిద, పెద్ద ముగ్గు. మీ నాన్న అడిగాడురా, నేనే చెప్పలేదు అని. నోటితో రాలేదు. సాయంత్రం వచ్చాక ఒకటి ఇస్తాను, చదువు అన్నాను. ఆ మధ్యాహ్నం నుంచే ఇది రాస్తున్నాను. ఎన్ని సాయంత్రాలు దాటిపోయాయో. వాడు రోజూ అడుగుతున్నాడు, అయిందా అమ్మా అని.

ఇవాళ అయింది. రేపు పొద్దున్న నేను తలుపు వెనక్కి వెళ్లను. వాడు బండెక్కక ముందే, ఈ కాగితాలు పట్టుకుని ఎదురు వస్తాను.

పొట్నూరు దాలమ్మ, నలభై ఏడేళ్లు. గోవింద్‌పూర్, జంషెడ్‌పూర్.